మూడు బ్రాంచీల ప్రొప్రైటర్

మనిషి మునగడానికి మానేరు వరదే రావాలని లేదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఫ్లెక్సీ చాలు. నేను అందులోనే మునిగాను. ఒక్కణ్ణే మునిగితే పీడా పోయేది, నా బిడ్డ ఇంజనీరింగ్ ఫీజును కూడా చంకన పెట్టుకొని మునిగాను. ఎట్లా మునిగానో చెబుతాను, మొహమాటం లేకుండా నవ్వండి. మీరు కూడా నవ్వకపోతే నేను చేసిన ఆ ఘనకార్యానికి ఒక్క లాభం కూడా మిగలదు.

నా పేరు రాజేశం. సిరిసిల్లలో ఒక కార్ఖానాలో సాంచాలు నడుపుతాను. సాంచాలంటే మరమగ్గాలు. ఇరవై ఏళ్లుగా ఆ చప్పుడులో నిలబడి నిలబడి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాను. ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చిస్తారు. మా శారద ఎప్పుడూ అంటుంది, "గింత పెద్ద గొంతు పెట్టుకొని గంత చిన్న జీతం ఎట్ల తెస్తవయ్య నువ్వు?" అని.

ఆ జీతం కిరాయికి, బియ్యానికి, బిడ్డ చదువుకు సరిపోయేది. కూరగాయల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. అందుకని ఒక పక్కపని పెట్టుకున్నాను. కార్ఖానాలో నేను నేసేది లంగాల బట్టే. నేసేవాణ్ణి కుట్టలేనా అనుకొని, ఒక పాత మోటారు మిషన్ కొని ఇంట్లో వేసుకున్నాను. డ్యూటీ దిగాక రెండు గంటలు, ఆదివారం రోజంతా చీరల కిందికి కట్టుకునే లంగాలు కుట్టేవాణ్ణి. శారద నాడాలు ఎక్కించేది, మా శ్రావ్య మడతలు పెట్టేది. కోరుట్లలో ఉన్న మా రాజవ్వక్క నెలకొక మూట పట్టుకుపోయి వాడకట్టు ఆడవాళ్లకు అమ్మేది. జగిత్యాలలో మా బామ్మర్ది సంపత్‌కు గాజుల దుకాణం ఉంది, అతను గాజుల పక్కన ఒక మేకు కొట్టి నాలుగు లంగాలు వేలాడదీసేవాడు. అంతా కలిపితే మా కూరగాయల ఖర్చు వెళ్లిపోయేది. టమాటల ధర పెరిగిన నెలలో అది కూడా వెళ్లేది కాదు.

ఇందులో తప్పేముంది అంటారా? ఏమీ లేదు. తప్పంతా నా రోషంలో ఉంది. మా గల్లీలో నాకు 'లంగాల రాజేశం' అని పేరు పడింది. హోటల్ దగ్గర చాయ తాగుతుంటే, "లంగాల రాజేశానికి ఇంకో చాయ" అని కేకేసేవాళ్లు. మీసమున్న మగవాడు ఎన్ని రోజులు భరిస్తాడు చెప్పండి! ఈ పేరును ఎట్లాగైనా చెరిపేయాలని ఒకరోజు ఖలీల్ భాయ్ ఫ్లెక్సీల దుకాణానికి పోయాను. మా దగ్గర పుట్టినరోజైనా, పరీక్ష పాసైనా, కొత్త మోటార్ సైకిల్ కొన్నా ఫ్లెక్సీ కట్టాల్సిందే. కట్టనివాడు ఊళ్లో ఉన్నట్టే లెక్కలోకి రాడు.

"ఏం రాయాలె రాజేశం భాయ్?" అన్నాడు ఖలీల్, కంప్యూటర్ ముందు కూర్చొని.

"శ్రావ్య లంగాలు అని రాయి భాయ్."

"క్యా భాయ్! చదువుకునే పిల్ల పేరు మీద లంగాలేంది? శ్రావ్య గార్మెంట్స్ అందాం. మాల్ ఏడేడ దొర్కుతది?"

"గీడ మా ఇంట్ల దొర్కుతది. కోరుట్లల మా అక్క తాన, జగిత్యాలల మా బామ్మర్ది దుకాణంల గూడ ఉంటది."

ఖలీల్ నా వైపు తిరిగాడు. "అంటే మూడు బ్రాంచీలు గద భాయ్!"

సాంచాల చప్పుడుకు మొద్దుబారిన నా చెవులకు అంత తియ్యటి మాట ఎప్పుడూ వినబడలేదు. అప్పటిదాకా నాకు ఒక అక్క, ఒక బామ్మర్ది మాత్రమే ఉన్నారనుకున్నాను. ఒక్క మాటతో ఇద్దరూ బ్రాంచీలైపోయారు.

"రాయి భాయ్, రాయి. ముగ్గురి ఫోన్ నంబర్లు గూడ రాయి," అన్నాను.

ఫొటో కావాలన్నాడు. నా దగ్గర ఉన్నది పాస్‌పోర్టు సైజు ఫొటో ఒక్కటే. అందులో నేను పోలీసులకు దొరికిపోయినవాడిలా ఉంటాను. ఖలీల్ దాంట్లోంచి నా తల మాత్రం కోసి, ఎవరో పెళ్లికొడుకు సూటు మీద అంటించాడు. రంగు కొంచెం తేల్చాడు. వెనకాల నాలుగంతస్తుల అద్దాల మేడ పెట్టాడు.

"గా బిల్డింగు ఎవలది భాయ్?"

"నెట్‌ల దొరికింది. దానికి పైసలు తీస్కోను, ఫ్రీ."

ఫ్రీ అన్నాక ఇంకొక అంతస్తు వేయమన్నాను. వేశాడు. చూశారా, ఉట్టికి ఎగరలేనివాడు అయిదో అంతస్తుకు ఎగిరాడు.

అక్కడితో ఆగానా? లేదు. ఇంటికి వచ్చి రెండు బ్రాంచీలకూ ఫోన్ చేసి వ్యాపార రహస్యం బోధించాను. "ఇగో అక్కా, ఫ్లెక్సీ మీద నీ నంబర్ పెట్టిన. తెల్వని నంబర్ నుంచి ఫోన్ అస్తే పెద్ద బేరం అనుకో. తక్కువ చెప్పద్దు. మనది చిన్న పని అని తెలిస్తే ధర కోస్తరు. మిషన్లు ఎన్నున్నయంటే ఇరవై అను." సంపత్‌కూ ఇదే పాఠం చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. మా వాళ్లు నా మాట శ్రద్ధగా విన్నది జీవితంలో ఆ ఒక్కసారే, అది కూడా నా ప్రాణం మీదికే వచ్చింది.

ఫ్లెక్సీ మా గుమ్మం మీద కట్టించాక శారద బయటికి వచ్చి చాలాసేపు చూసింది.

"గీయన ఎవలు?"

"నేనే."

"మరి నేను రోజు అన్నం పెట్టేటాయన ఎవలు?"

ఆడవాళ్లకు వ్యాపారం తెలియదని సరిపెట్టుకున్నాను. హోటల్ దగ్గర మాత్రం పేరు మారింది. "ప్రొప్రైటర్ సాబ్‌కు చాయ" అనడం మొదలుపెట్టారు. అందులో వెటకారం ఉందని నాకు తెలుసు, అయినా బాగానే ఉండేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. పల్లకీకి డబ్బుల్లేక నేను ఫ్లెక్సీతో సరిపెట్టాను, ఈగలు మాత్రం పాతవే.

ఇంతలో మా శ్రావ్యకు ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది. మా వంశంలో ఇంజన్ ముట్టుకున్నవాళ్లు ఉన్నారు గానీ ఇంజనీరు లేడు. సాంచాల ముందు నిలబడి ఆ రోజు ఎవరికీ వినబడకుండా పాట పాడుకున్నాను. ఫీజు మా తాహతుకు అందేది కాదు, కానీ భయం లేదు. మాలాంటి వాళ్ల పిల్లలకు ఫీజు సర్కారే కడుతుంది. దానికి ఆదాయం సర్టిఫికెట్ కావాలి, ఇంటి ఆదాయం సర్కారు గీసిన గీతకు కింద ఉండాలి. మేము ఆ గీతకు ఎంత కిందున్నామంటే, మెడ పైకెత్తితే తప్ప అది మాకు కనబడదు.

అప్లికేషన్ నింపేటప్పుడు శ్రావ్య అడిగింది. "బాపు, జీతం రాసిన. లంగాల పైసలు గూడ రాయాల్నా?"

"అద్దు బిడ్డా. అది పని గాదు, పక్కపని. టమాటల పైసలు గూడ ఓ ఆదాయమేనా?"

"మరి ఆర్‌ఐ సార్ ఎంక్వైరీకి అస్తడట. జర గా ఫ్లెక్సీ అన్న తీసెయ్యి."

"ఎందుకు తియ్యాలె? సార్ అస్తే మనం మర్యాదస్తులమని తెలుస్తది గద."

తెలిసింది. బాగా తెలిసింది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ సారు వచ్చిన పూట నేను బనీను, లుంగీ మీద మిషన్ ముందు కూర్చొని ఉన్నాను. బండి ఆగిన చప్పుడైంది. బయటికి వచ్చి చూస్తే ఆయన తల పైకెత్తి, బడిపిల్లవాడు పాఠం చదివినట్టు గట్టిగా చదువుతున్నాడు. "శ్రావ్య గార్మెంట్స్. ప్రొప్రైటర్ రాజేశం. బ్రాంచీలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల." చదవడం అయ్యాక నన్ను చూసి, "మీ సార్ ఉన్నడా?" అన్నాడు.

"ఎవలు సార్?"

"రాజేశం."

"నేనే సార్."

ఆయన ఒకసారి పైకి చూశాడు, ఒకసారి నన్ను చూశాడు.

"మరి పైనున్నాయన?"

"మొకం నాదే సార్. ఒళ్లు నాది గాదు."

"బిల్డింగు?"

"అదీ నాది గాదు సార్. ఫ్రీగ అచ్చింది."

"బ్రాంచీలు?"

"బ్రాంచీలంటే... ఒకటి మా అక్క సార్. ఇంకోటి మా బామ్మర్ది."

సారు కాగితాలు తీశాడు. "అప్లికేషన్ల సాంచాల కార్మికుడు అని జీతం ఒక్కటే రాసినవు. గీ వ్యాపారం రాయలేదేంది?"

"అది వ్యాపారం గాదు సార్, పక్కపని."

"పక్కపనికి పైసలు రావా?"

"అస్తయి సార్. టమాటలంత."

"టమాటలంత అని రాస్తే తహసీల్దార్ సార్ నన్ను టమాటలు అమ్ముకొమ్మంటడు. ఆగు, నంబర్లు బోర్డు మీదనే ఉన్నయి గద. ఫోన్ కొడుత."

ఆయన స్పీకర్ పెట్టి కోరుట్ల బ్రాంచికి ఫోన్ కలిపాడు.

"హలో, శ్రావ్య గార్మెంట్సా?"

"ఔ సార్, కోరుట్ల బ్రాంచి. చెప్పుండ్లి." అది మా రాజవ్వక్కే. అరవై ఏళ్ల మా అక్క గొంతులో అంత తేనె ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"మాల్ ఎంత ఉంటదమ్మా మీ తాన?"

"మీకెంత గావాలె సార్? లారెడు గావాల్నా? మూడు రోజులల్ల దింపుతం."

"మిషన్లు ఎన్ని ఉన్నయి?"

"ఇరవై సార్. రాత్రింబగళ్లు నడుస్తనే ఉంటయి, కండ్ల నిండ నిద్ర ఉండదు."

నేను ఆగలేక అరిచాను. "అక్కా!"

"ఎవలో ఒర్రుతున్నరు సార్, ఎవలు?"

"మీ ప్రొప్రైటరేనమ్మా."

"అయ్యో, మా తమ్ముడు పక్కనే ఉన్నడా! గట్లయితే ఆయన్నే అడుగుండ్లి సార్. నేను తక్కువనే చెప్పిన."

సారు జగిత్యాలకు కలిపాడు. మా సంపత్ అక్కను మించినవాడు. "మా బావ శాన పెద్ద మనిషి సార్," అన్నాడు. "మూడు బ్రాంచీలు సాలుతలేవు. కొడిమ్యాలల ఒకటి, మల్లాపూర్ల ఒకటి పెడుతున్నడు. మీరు జల్ది ఆర్డర్ ఇయ్యకుంటే మాల్ దొరకది మల్ల."

సారు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి.

"చూడు రాజేశం, నేను చెడ్డోణ్ని గాదు. నీ ఇల్లు చూసిన, నీ బనీను చూసిన. కాని నా కండ్లతోటి బోర్డు గూడ సదివిన, నా చెవులతోటి విన్న. రేపు ఎవడన్న ఫిర్యాదు చేస్తే నా నౌకరి పోతది."

సర్టిఫికెట్ వచ్చింది. అందులో నా ఆదాయం గీతకు పైన ఉంది. పుట్టిన దగ్గర్నుంచి గీత కిందే బతికినవాణ్ణి, ఒక్క ఫ్లెక్సీతో పైకి ఎక్కాను. శ్రావ్య ఫోన్‌లో స్కాలర్‌షిప్ అప్లికేషన్ తెరిచి చూపించింది. తిరస్కరించారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. నేను నా పేరుకు మందేస్తే బిడ్డ ఫీజు ఊడింది.

శారద నన్ను ఏమీ అనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో తిట్టాల్సిన చోట ఆమె తిట్టకపోవడం అదే మొదటిసారి, నాకు నిజంగా భయమేసింది. "తిట్టు శారదా" అని నేనే అడిగాను. "తిడితే ఫీజు అస్తదా?" అని వంటింట్లోకి పోయింది.

కాలేజీ వాళ్లు వారంలోగా డబ్బు కట్టమన్నారు, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుందన్నారు. ఆ సాయంత్రం శ్రావ్య లంగాలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా అంది. "బాపు, నేను గవర్నమెంటు డిగ్రీ కాలేజీల చేరుత. గీడనే ఉంటది, బస్ కిరాయి గూడ ఉండది." మడత పెట్టిన లంగానే మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. నవ్వుల కథలో ఏడుపేందని మీరనొచ్చు. వచ్చింది కాబట్టి చెబుతున్నాను. బయటికి పోయి నిలబడితే నెత్తిమీద నా ముఖమే సూటేసుకొని నవ్వుతోంది. ఆ మనిషిని రెండు చెంపలూ వాయించాలనిపించింది, కానీ నిచ్చెన లేదు.

మిషన్ అమ్మేశాను. ఎల్లారెడ్డిపేట నుంచి ఒకామె వచ్చి ఆటోలో వేసుకుపోయింది. పోతూ పోతూ ఫ్లెక్సీ వైపు చూసి, "గింత పెద్ద కంపెనీ ఎందుకు ముంచుకున్నవన్నా, తాగుడు అలవాటు ఉండెనా?" అని జాలిపడింది. మిషన్ డబ్బు ఫీజులో సగానికి కూడా రాలేదు. మిగతాది కార్ఖానా యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను. అది తీరేదాకా ఆదివారాలు కూడా సాంచాల మీదే, ఇంకో కార్ఖానాకు పోయే వీలు లేదు. శ్రావ్య కాలేజీలో చేరింది. సర్టిఫికెట్‌ను మింగిన మిషన్ కనీసం కొంత ఫీజన్నా కక్కిందని శారదతో అన్నాను. ఆమె నవ్వలేదు.

వచ్చే ఏడాదైనా సర్కారు ఫీజు రావాలంటే కొత్త సర్టిఫికెట్ కావాలి. ఆర్‌ఐ సారు దగ్గరికి ఆఫీసుకు పోయాను. ఈసారి ఏదీ దాచలేదు. జీతం చెప్పాను, మిషన్ ఉన్నప్పుడు లంగాల మీద నెలకు వచ్చింది చెప్పాను. ఆయన కాగితం మీద రెండూ కలిపి చూసి, పెన్ను పక్కన పెట్టాడు.

"ఇంతేనా నీకు అచ్చేది?"

"ఇంతే సార్."

"మరి గీ రెండు కలిపినా గీత దాటతలేదు గదనయ్యా! మొదలే ఉన్నది ఉన్నట్టు రాస్తే అయిపోతుండె. రాయలేదు గనుకనే నాకు అనుమానం అచ్చింది."

టమాటల డబ్బు రాసి ఉంటే చాలు. ఒక్క ముక్క రాయడానికి నామోషీ పడి, ఏడాది ఫీజు నెత్తిమీద పెట్టుకున్నాను. శ్రావ్య అడిగింది కూడా.

"ఇప్పుడు రాయుండ్లి సార్," అన్నాను. "మిషనే లేదు. ఫ్లెక్సీ గూడ తీసేసిన."

"బోర్డు తీస్తే వ్యాపారం బందయినట్టా? పోయినసారి ఫైల్ల ఇరవై మిషన్లు అని ఉన్నది, ఊళ్లె అందరు నిన్ను మూడు బ్రాంచీల ప్రొప్రైటర్ అంటున్నరు. బందయిందని నేను దేన్ని చూసి రాయాలె?" సారు పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఒక పని జెయ్యి. బందయిందని నలుగురికి తెలిసేటట్టు ఒక ఫ్లెక్సీ కట్టు. నేనచ్చి ఫొటో తీసి ఫైల్ల పెడత."

నమ్మండి, అదే మాట అన్నాడు.

ఖలీల్ భాయ్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "క్యా భాయ్, నాలుగో బ్రాంచా?"

విషయం చెప్పాను. ఫొటో వద్దన్నాను. ఫొటో లేకపోతే ఎవరు బంద్ చేశారో సార్‌కు ఎట్లా తెలుస్తుందన్నాడు. అదీ నిజమే. పాత సూటు ఫొటో కంప్యూటర్‌లోనే ఉంది. చుట్టూ కొత్త డిజైన్ వేస్తే ఖర్చు ఎక్కువ, నిన్న చేసిన ఒక డిజైన్ ఉంది, అదే పెడతానన్నాడు. తక్కువలో అయిపోతుంది కదా అని సరేనన్నాను. అది ఏ డిజైనో అడగలేదు. నాకు బుద్ధి వచ్చిందని మీరు అనుకుంటే తొందరపడ్డారు.

మధ్యాహ్నానికి ఫ్లెక్సీ వచ్చింది, కట్టేసి లోపలికి పోయి పడుకున్నాను. నా ఫొటో చుట్టూ పెద్ద బంతిపూల దండ ఉంది, రెండు వైపులా దీపాలు ఉన్నాయి. కింద సన్నటి అక్షరాల్లో 'మూడు బ్రాంచీలు మూసివేయబడినవి' అని ఉంది. సన్నటి అక్షరాలు ఎవరు చదువుతారు! గల్లీలో ఒకాయన ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి ఇంటి ముందు జనం చేరారు. హోటలాయన చేతులు కట్టుకొని తలవంచుకొని నిలబడ్డాడు. కబురంది, కోరుట్ల బస్సు దిగి, గల్లీ మొదట్నుంచే రాగం తీస్తూ మా రాజవ్వక్క వచ్చింది.

"తమ్మీ! ఇరవై మిషన్లు గీడనే ఇడిసిపెట్టి పోయినవా తమ్మీ!"

లోపలికి వచ్చి చూస్తే తమ్ముడు అప్పుడే నిద్రలేచి పప్పు కలుపుకుంటున్నాడు. ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత చెప్పు తీసింది. నేను ఎంగిలి చేత్తో గుమ్మం దాకా పరుగెత్తాను.

సరిగ్గా అప్పుడే ఆర్‌ఐ సారు బండి ఆగింది. ఆయన ఫ్లెక్సీని చూశాడు, ఏడుస్తున్న జనాన్ని చూశాడు, అక్క చేతిలో చెప్పును చూశాడు. ఫోన్ తీసి, అందరూ వచ్చేలా ఫొటో కొట్టుకున్నాడు.

"ఇగ సాలు రాజేశం. వ్యాపారం ఖతమయిందని ఎవలైనా నమ్ముతరు," అన్నాడు.

కొత్త సర్టిఫికెట్‌లో మేము మళ్లీ గీత కిందికి వచ్చాం. రెండో ఏడాది ఫీజు సర్కారు కడుతుంది. మొదటి ఏడాదిది నేను ఇంకా సాంచాల మీదే తీరుస్తున్నాను, టమాటలు తక్కువ తింటున్నాం. శ్రావ్య కాలేజీ నుంచి వచ్చినప్పుడల్లా ఇదివరకు మిషన్ ఉన్న చోట కూర్చొని చదువుకుంటుంది.

కాబట్టి ఇదిగో, మానేరు మీద, మా కార్ఖానా సాంచాల మీద ఒట్టేసి చెబుతున్నాను. అణా సంపాదించినా అప్లికేషన్‌లో రాస్తాను. బతికుండగా మళ్లీ ఫ్లెక్సీ ఎక్కను. పోయినంక ఎట్లాగూ ఎక్కిస్తారు, అది మన చేతిలో లేదు. ఆ రోజు మాత్రం బ్రాంచీలు రాయించొద్దని శ్రావ్యకు ఇప్పుడే చెప్పి పెట్టాను.